తోడుకి వెళ్ళిన మనిషి

నడవమని డాక్టరమ్మ చెప్పింది డ్రైవరుగారికి. ఆ మాట పుణ్యమా అని ఇంట్లో అందరికంటే ముందు లేవాల్సి వచ్చింది మాత్రం ఆయన భార్యకి.

గుండెకి స్టెంటు వేసి ఇంటికి పంపించేటప్పుడే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, పొద్దున్నే నడక తప్పకూడదని, కొన్నాళ్ళపాటు ఒంటరిగా పంపవద్దని. కూతురు ఫోన్లకి జవాబులు చెప్పే ఆఫీసులో సాయంత్రం షిఫ్టు చేసి, ఒళ్ళు హూనం చేసుకుని వస్తుంది. పొద్దున్నే లేపడానికి మనసొప్పదు. మనవరాలు ఒకటో తరగతి పిల్ల. ఇక మిగిలింది ఎవరు? ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆమె అలారం పెట్టుకుంది, అంతే.

ఆ రోజు కూడా చీకటి పూర్తిగా విడవకముందే లేచింది. పాలు కాచి, కూరలు తరిగి మూతపెట్టి, సీసాలో నీళ్ళు నింపి, నాలుక కింద పెట్టుకునే మాత్రల డబ్బీని చేతిరుమాలులో చుట్టుకుని, అప్పుడు మొగుణ్ణి లేపింది. ఆయన మంచం అంచున కూర్చుని కాళ్ళు రెండూ చాపాడు. ఆమె ఆయనకి కూతురు కొనిచ్చిన కొత్త బూట్లు తొడిగింది. వంగితే ఆయాసం వస్తుందని ఆమే నేలమీద చతికిలబడి లేసులు కట్టింది.

"మరీ బిగించకు. రక్తం ఆడదు."

"వదిలేస్తే తొక్కుకుని పడతారు."

"అంతమంది జనం మధ్యలోంచి ఇన్నేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. నేను పడతానా?"

డ్రైవరుగారు నడిచినా బస్సు నడిపినట్టే నడిచేవాడు. వీధి మలుపు వస్తే వేగం తగ్గించి, మెడ తిప్పి రెండువైపులా చూసి, అడ్డంగా వచ్చే సైకిలువాణ్ణి చూసి నాలుక చప్పరించేవాడు. ఆమె ఒక అడుగు వెనక, సీసా పట్టుకుని, ఆయన భుజాల కదలికని కనిపెడుతూ వచ్చేది. భుజాలు పైకి లేస్తున్నాయంటే ఆయాసం మొదలైనట్టు.

పార్కు పెద్దదేమీ కాదు. నీళ్ళ ట్యాంకు పక్కన ఆటస్థలం, దానిచుట్టూ కోడిగుడ్డు ఆకారంలో సిమెంటు బాట. మధ్యలోంచి ఒక అడ్డదారి. గేటు పక్కనే పొడవాటి బెంచీ. ఆ బెంచీ మీద అప్పటికే ఇద్దరు ఆసీనులై ఉన్నారు. ఒకరు రిటైరైన లెక్కల మాస్టారు, రెండోవాడు తాళాలు బాగుచేసే ఆయన. తాళాలాయనకి మోకాళ్ళ నొప్పులు, మాస్టారికి ఏ నొప్పీ లేదు గానీ నడకంటే నమ్మకం లేదు.

"రండి రండి, బస్సు ఈరోజు లేటు," అన్నాడు తాళాలాయన.

డ్రైవరుగారు ముఖం వాచినట్టు బెంచీ వైపు చూసి, పరువు కోసం ఒక చుట్టు మొదలుపెట్టాడు. అవతలి మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణించి అడ్డదారి పట్టి తిరిగి వచ్చేశాడు. అది సగం చుట్టు కూడా కాదు. వచ్చి బెంచీ మీద కూలబడి, "హమ్మయ్య" అన్నాడు. ఆమె సీసా మూత తీసి ఇచ్చింది. డబ్బీ పక్కన పెట్టింది.

"ఇక మీరు వెళ్ళిరండి చెల్లెమ్మా," అన్నాడు మాస్టారు, రోజూ అన్నట్టే. "ఈయన్ని మేం కాపలా కాస్తాం."

మొదట్లో ఆమె కూడా బెంచీ చివర కూర్చునేది. తను కూర్చుంటే మగవాళ్ళ మాటలు గొంతులోనే ఆగిపోయేవి. అది గమనించే మాస్టారు ఒకసారి, అలా తిరిగి రారాదా అన్నాడు. వాళ్ళకి ఇబ్బంది లేకుండా పక్కకి తప్పుకుందామని నడవడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది, తనకి చేతిలో ఏమీ లేకుండా నడవడం రాదని. సంచీ, బకెట్టు, పిల్ల చెయ్యి, ఏదో ఒకటి లేకుండా ఆ చేతులు ఎప్పుడూ వీధిలో లేవు. వాటినేం చెయ్యాలో తోచక కట్టుకుని నడిచింది. పిక్కలు పట్టేశాయి. మోకాలు నూనె లేని తలుపులా చప్పుడు చేసింది. ట్యాంకు దగ్గర చిన్న ఎత్తు ఎక్కేసరికి నోరు తెరిచి గాలి మింగింది.

ఇప్పుడు ఆ ఎత్తు దగ్గర నోరు మూసుకునే ఎక్కుతోంది.

చేతులు వాటంతటవే ఊగుతున్నాయి. పాత కాన్వాసు జోళ్ళు సిమెంటు మీద టపటప కొడుతున్నాయి. చెవుల దగ్గర చెమట చల్లగా తగులుతోంది. ఈ ఒక్క దారిలోనే ఆమెని ఎవరూ పిలవరు. పిలిచినా వినపడనంత దూరంలో ఉంటుంది. అవతలి మలుపులో, చెట్ల చాటున, బెంచీకి కనపడని చోట, ఆ రోజు ఆమె కాళ్ళు కాస్త తొందరపడ్డాయి. నడక కాదు, అలాగని పరుగూ కాదు. నాలుగు అడుగులు వేసి, ఎవరైనా చూశారేమోనని ఆగిపోయింది. ఎవరూ లేరు. మళ్ళీ నాలుగు అడుగులు.

గేటు దగ్గరికి తిరిగి వచ్చేసరికి డ్రైవరుగారి ఒళ్ళో నూనె మరకల కాగితం పొట్లం ఉంది. ఎదురుగా బండివాడు పొద్దున్నే వేయించి అమ్మే బజ్జీలు తాళాలాయన తెచ్చిపెట్టాడు. ఆమెని చూసి డ్రైవరుగారు పొట్లం మడిచి మాస్టారి వైపు జరిపాడు. మాస్టారు ఆకాశం వైపు చూశాడు.

ఇంటికి వెళ్ళగానే కూతురు కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చి, "నాన్నా, ఈరోజు ఎన్ని చుట్లు?" అంది.

"లెక్కపెట్టడం మానేశాను తల్లీ," అన్నాడు ఆయన బూట్లు ఇప్పించుకుంటూ.

"మా నాన్న సూపరు!" అని కూతురు వంగి ఆయన నెత్తిన ముద్దు పెట్టింది. తర్వాత తల్లి వైపు తిరిగి, "అమ్మా, పాప యూనిఫారం ఆరిందా?" అంది.

*

ఆమె పని పెద్దాసుపత్రి లాండ్రీలో. ఉతికిన దుప్పట్లు తడితడిగా ట్రాలీల్లో వస్తాయి. వేడి రోలరుకి ఇవతల ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి, దుప్పటి అంచులు లాగి, ముడత లేకుండా రోలరు నోటికి అందిస్తారు. అవతల ఇంకో ఇద్దరు అందుకుని మడతపెడతారు. ఆవిరికి పైకప్పు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. మధ్యాహ్నానికల్లా పాదాలు జోళ్ళలో పట్టనంతగా ఉబ్బుతాయి.

ఆమెకి జతగా మడతలు పెట్టే మనిషిని అందరూ రేడియో అంటారు. రోలరు ఆగినా ఆమె నోరు ఆగదు.

"పెద్దక్కా, నువ్వీమధ్య లాగితే దుప్పటితో పాటు నేనూ వచ్చేస్తున్నాను. ఏం తింటున్నావు?"

"నీ మాటలు," అంది ఆమె.

ఇద్దరూ చెరో రెండు మూలలు పట్టుకుని దుప్పటిని విదిలించి, దగ్గరికి నడిచి, మూలలు కలిపి, వెనక్కి నడిచి, మళ్ళీ దగ్గరికి వచ్చారు.

"పార్కుకి వెళ్తున్నాను. ఆయనతో."

"ఆయన నడవాలి సరే. నువ్వెందుకు? పొద్దుగూకులూ ఇక్కడ నిలబడి చచ్చేదానికి మళ్ళీ వ్యాయామం ఏమిటమ్మా? పొయ్యి దగ్గరున్నదానికి చలిమంట పెట్టినట్టుంది."

"నిలబడటం వేరు."

"ఏం వేరు?"

నిలబడితే బరువంతా కిందికి దిగుతుంది, నడిస్తే ఆ బరువు ఎక్కడో రాలిపోతుంది అనాలనిపించింది. కానీ అలాంటి మాట రేడియో చేతిలో పెడితే సాయంత్రానికి లాండ్రీ అంతా ప్రసారమైపోతుంది.

"చిన్నప్పుడు బడిలో పరుగెత్తేదాన్ని," అంది ఊరికే.

"ఎవరు తరిమారు?"

ఇద్దరూ దుప్పటి మధ్యలో పెట్టుకుని పడీ పడీ నవ్వారు. సూపర్‌వైజరు గాజు తలుపు వెనకనుంచి తలెత్తి చూసింది.

సాయంత్రం ఇంటికి తిరిగి వెళ్తూ ఒక విషయం గమనించింది. బస్సు దిగాక రోడ్డు దాటే వంతెన మెట్లున్నాయి. సగంలో రెయిలింగు పట్టుకుని నిలబడి, సంచీలో ఏదో వెతుకుతున్నట్టు నటించడం ఆమెకి ఏళ్ళనాటి అలవాటు. పైకి చేరాక గుర్తొచ్చింది, ఈరోజు ఏమీ వెతకలేదని.

*

మర్నాడు పార్కు నుంచి వచ్చాక ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు, డ్రైవరుగారి పరీక్షలకి. ఆమె సగంపూట సెలవు పెట్టుకుంది.

డాక్టరమ్మ వయసులో వాళ్ళ కూతురికంటే కాస్త పెద్దది. తూకం చూసింది, కాగితాలు చూసింది, మళ్ళీ తూకం చూసింది. పెన్నుతో బల్ల మీద కొట్టింది.

"బరువు పెరిగారు. కొవ్వు అస్సలు దిగలేదు. నడుస్తున్నారా, లేదా?"

"రోజూనండీ," అన్నాడు డ్రైవరుగారు. "వాన వచ్చినా మానలేదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి. పక్కనే ఉంటుంది."

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. డ్రైవరుగారు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తన ముందున్న గోడనే చూస్తున్నాడు.

"రోజూ వెళ్తున్నామండీ," అంది ఆమె.

"నడక బాగానే ఉంటే లోపం వంటలో ఉన్నట్టు," అంది డాక్టరమ్మ. "నూనె తగ్గించమని చెప్పానా? ఉప్పు తగ్గించమని చెప్పానా? మగవాళ్ళు ఏం పెడితే అది తింటారు. చెయ్యాల్సింది మీరు. ఆయన అంత కష్టపడి నడుస్తుంటే మీరు వంటింట్లో అంతా పాడుచేస్తున్నారు. కాస్త శ్రద్ధ పెట్టండమ్మా. రేపు ఏమైనా అయితే ఎవరికి నష్టం?"

నూనె చెంచాతో కొలిచి వేస్తోంది. ఉప్పు చప్పగా ఉందని మనవరాలు కూడా కంచం నెట్టేస్తోంది. నాలుక చివరిదాకా వచ్చింది మాట. కాగితం పొట్లం, బెంచీ, అడ్డదారి, అన్నీ ఒక్క వాక్యంలో చెప్పెయ్యవచ్చు. చెప్పలేదు. ఆయన పరువు కోసం అని తనకి తాను చెప్పుకుంది గానీ, అది పూర్తిగా నిజం కాదని కూడా తెలుసు. ఆయన నడవడం లేదని తేలితే డాక్టరమ్మ ఆ పార్కు మానిపించి, ఆసుపత్రిలోనే యంత్రం మీద నడిపిస్తానంటుంది. అప్పుడు ఇక పొద్దున్నే ట్యాంకు దగ్గర ఎత్తు ఉండదు, చెట్ల చాటు మలుపు ఉండదు.

"అలాగేనండీ," అంది. "శ్రద్ధ పెడతాను."

"మీకేమైనా ఇబ్బందులున్నాయా?" అని అడుగుతుందేమోనని లేచేముందు ఒక్క క్షణం ఆగింది. డాక్టరమ్మ అప్పటికే తర్వాతి పేషెంటు కోసం గంట నొక్కింది.

బయట బస్టాపులో డ్రైవరుగారు రెండు బస్సులు వదిలేశాడు. ఒకదాన్ని చూసి, "వీడికి గేరు వెయ్యడం రాదు," అన్నాడు. ఆమె మౌనంలో తిట్టు లేదు, అలక కూడా లేదు, ఉత్త అలసటే. కానీ ఆయనకి అది వేరేగా వినిపించినట్టుంది.

"రేపటినుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు ఉన్నట్టుండి.

"అంటే?"

"అంటే ఏముంది? చిన్నపిల్లాణ్ణి బడికి దింపినట్టు వెనకాలే పెళ్ళాం వస్తుంటే నలుగురూ నవ్వుతున్నారు. మాస్టారు ఉన్నాడు, తాళాలాయన ఉన్నాడు. నీకు ఒక గంట నిద్రన్నా ఉంటుంది."

"ఎవరు నవ్వారు?"

"నీకు తెలీదులే."

నిజానికి ఎవరూ నవ్వలేదని ఆమెకి తెలుసు. రోజూ పక్కనే ఉండి అంతా చూసిన మనిషి తనే. ఆ మనిషి ఈ వేళ డాక్టరు ముందు ఆయన కోసం అబద్ధమాడింది. ఆ కళ్ళ ముందు మళ్ళీ రేపు బెంచీ మీద కూర్చోవడం ఆయనవల్ల కాదు. అర్థమైంది. అర్థమైనా చేసేదేముంది? రావద్దన్నప్పుడు, నేనెందుకు రాకూడదు అని అడగడానికి, తన దగ్గర కారణం ఏదీ లేదు. ఇన్నాళ్ళూ ఉన్న కారణం ఆయనే.

*

మర్నాడు అలారం పెట్టుకోలేదు. అయినా మెలకువ వచ్చింది. ఆయనే ముక్కుతూ మూలుగుతూ వంగి లేసులు కట్టుకోవడం పక్కమీదనుంచే విన్నది. తలుపు చప్పుడైంది. ఆమె కాళ్ళు దుప్పట్లో కదిలాయి.

ఒక గంట నిద్ర అన్నాడాయన గానీ, ఆ గంట పక్క మీద ఎంతోసేపు ఉండలేదు. కూతురు తలుపు తోసుకుని వచ్చి, "అమ్మా, నువ్వు ఇంట్లోనే ఉన్నావా? బతికించావు! పాపకి నువ్వే స్నానం చేయించెయ్యవా? రాత్రి మేనేజరు మీటింగు పెట్టి చంపాడు. ఇంకాస్త పడుకుంటాను," అంది. పిల్ల స్నానం అయ్యాక నీళ్ళ డ్రమ్ము నింపడం వచ్చింది. డ్రమ్ము నిండేలోగా బాల్కనీ కడగటం వచ్చింది. ఆ గంట ఎన్నాళ్ళనుంచో తలుపు బయట నిలబడి ఉన్న పనులకి దారి తీసినట్టయింది. అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ లోపలికి వచ్చి కూర్చున్నాయి.

తర్వాతి రోజూ అంతే. ఆ తర్వాత రోజు కూతురు అడగడం కూడా మానేసింది. పిల్ల బట్టలు రాత్రే తల్లి మంచం పక్కన పెట్టి పడుకుంది.

డ్రైవరుగారు రోజూ నవ్వుతూ తిరిగి వస్తున్నాడు. చొక్కా మీద చెమట మరక ఒక్కటీ లేదు. ఉతికేది తనే కాబట్టి ఆ సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

లాండ్రీలో రోలరు ముందు నిలబడితే నడుము దగ్గర ఏదో కొక్కెం తగిలించి కిందికి లాగుతున్నట్టుంది. వంతెన మెట్లు సగం ఎక్కి, సంచీలో చెయ్యి పెట్టి, లేని తాళం వెతికింది. రేడియో మాట్లాడుతూనే ఉంది, ఆమె "ఊఁ" కొడుతూనే ఉంది.

"అక్కా, నేను చెప్పింది విన్నావా?"

"ఊఁ."

"ఏం చెప్పాను?"

దుప్పటి రెండు అంచులూ పట్టుకుని ఆమె ఆగిపోయింది.

"పార్కు మానేశావు కదూ?" అంది రేడియో, ఈసారి గొంతు తగ్గించి. "తెలుస్తోందిలే. దుప్పటి మొత్తం నేనే లాగుతున్నాను."

"ఆయన వద్దన్నారు. తోడు అక్కర్లేదట."

"ఆయనకి అక్కర్లేదు సరే."

అంతకంటే ఏమీ అనలేదు. ఆ మనిషి ఒక మాట అని ఊరుకోవడం ఆమె చూడటం అదే మొదలు. ఇద్దరూ దగ్గరికి నడిచి, మూలలు కలిపి, వెనక్కి నడిచారు.

*

మర్నాడు డ్రైవరుగారు వెళ్ళిన కాసేపటికి ఆమె లేచింది. జుట్టు ముడివేసుకుంది. కాన్వాసు జోళ్ళు తొడుక్కుంది. మంచం పక్కన మడతపెట్టి ఉన్న పిల్ల బట్టలు చూసి ఒక్క నిమిషం నిలబడింది. పాలగిన్నె పొయ్యి పక్కన పెట్టి, కాచకుండానే, తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. దొంగతనానికి పోతున్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. వీధి చివరిదాకా వెళ్ళాక తను మొగుడి వెనక కాదు, వీధి మధ్యలో నడుస్తున్నానని చూసుకుంది. సీసా కూడా తేలేదు.

గేటు దగ్గర ముగ్గురూ బెంచీ మీదే ఉన్నారు. ఆమె రావడం చూసి తాళాలాయన గబుక్కున లేచాడు.

"ఏమైంది చెల్లెమ్మా? పిల్లకేమైనా..."

"ఏమీ కాలేదన్నయ్యా."

డ్రైవరుగారి చేతిలో ఆ వేళ కూడా పొట్లం ఉంది. మడవబోయి, మడవలేక, అలాగే పట్టుకుని ఉండిపోయాడు. ముఖం కందగడ్డలా అయింది. నిఘా వెయ్యడానికి వచ్చిందనుకున్నాడు. ఆమె పొట్లాన్ని చూసింది, ఆయన్ని చూసింది, దాటి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు మానేసరికే పిక్కలు పేచీ పెట్టాయి. ట్యాంకు ఎత్తు రాకముందే నోరు తెరవాల్సి వచ్చింది. కోపం రాలేదు, సంతోషమూ కలగలేదు. అలసట మాత్రం ఉంది. కానీ ఇది తను తెచ్చుకున్న అలసట. దీన్ని ఎవరూ నెత్తిన పెట్టలేదు. అదొక్కటే తేడా.

చెట్ల మలుపు తిరిగేసరికి వెనక అడ్డదారిలోంచి అడుగుల చప్పుడు వినిపించింది. బరువైన అడుగులు, తడబడే ఊపిరి.

"ఆగు. ఒక్క నిమిషం ఆగు."

డ్రైవరుగారు. వచ్చి నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు. భుజాలు పైకి లేస్తున్నాయి.

"అందరికీ చెప్పు," అన్నాడు. "వెళ్ళి డాక్టరుకి చెప్పు, అమ్మాయికి చెప్పు. నడవటం లేదని చెప్పు. అందుకే కదా వచ్చావు?"

"నేనెందుకు చెప్తాను?"

"మరెందుకు వచ్చావు?"

"నడవడానికి."

ఆయన అర్థం కానట్టు చూశాడు. తర్వాత బాట పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. ఆయన నేల చూస్తూ మాట్లాడాడు.

"నాకు భయంగా ఉంటుంది. నాలుగడుగులు గట్టిగా వేస్తే లోపల కొట్టుకోవడం వినపడుతుంది. ఇంజను చప్పుడు మారితే బస్సు పక్కకి తీసి ఆపేసేవాణ్ణి. ఎంతమంది అరిచినా సరే. ఇప్పుడూ అలాగే ఆపేస్తున్నాను. ఎవరికని చెప్పను? మీరంతా సూపరు సూపరు అంటుంటే."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ నోట భయమనే మాట వినలేదు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"నాకూ వినపడుతుంది," అంది. "ఆ ఎత్తు దగ్గరైతే చెవుల్లో డప్పు కొట్టినట్టు ఉంటుంది."

"నీకా? నీకేం జబ్బు?"

"జబ్బు ఉంటేనే గుండె ఉంటుందా?"

ఆయనకి నవ్వు వచ్చింది. నవ్వు వచ్చాక ఆయాసం కాస్త తగ్గింది. లేచి ఇద్దరూ నడిచారు. ఆయన మెల్లగా, ఆమె ఇంకా మెల్లగా. మొదటిసారి పక్కపక్కన. ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి చాచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఎక్కాడు. ఎక్కి, వెనక్కి తిరిగి ఆ ఎత్తుని చూశాడు, ఇంతేనా అన్నట్టు.

"ఇక చాలు ఈ వేళకి," అంది ఆమె. "మీరు మెల్లగా గేటు దగ్గరికి వెళ్ళండి. నేను ఇంకో చుట్టు తిరిగి వస్తాను."

"నువ్వు రావా?"

"వస్తాను. చుట్టు తిరిగి."

కొంచెం దూరం వెళ్ళాక ఆగి చూసింది. ఆయన ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని, మలుపు దగ్గర రెండువైపులా చూసి, నెమ్మదిగా వెళ్తున్నాడు. వెనక్కి వెళ్ళి తోడుండాలనిపించింది. అలా అనిపించినందుకు ఆమె ఆశ్చర్యపోలేదు. కానీ కాళ్ళు ముందుకే పోయాయి. రెండో చుట్టులో చెట్ల చాటు మలుపు రాకముందే, అందరికీ కనిపించే చోటే, అవి పరుగు అందుకున్నాయి.

*

ఇంటి తలుపు తీసే ఉంది. కూతురు పెట్టిన పాలు పొంగి పొయ్యి మీదంతా కారాయి, ఇల్లంతా మాడు వాసన. కూతురు ఒక చేత్తో పిల్ల జుట్టు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను చెవిన పెట్టుకుని ఉంది. ఇద్దర్నీ చూసి ఫోను కిందికి దించింది. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర చాలలేదు.

"ఎక్కడికెళ్ళావమ్మా? నీకే ఫోను చేస్తున్నాను, వంటింట్లో మోగుతోంది. నాన్నకేమైనా అయిందేమోనని నా ప్రాణాలు పోయాయి. పాప బడి టైమైపోతోంది!"

ఆమె నోరు తెరిచేలోగా డ్రైవరుగారు అందుకున్నాడు.

"నేనే రమ్మన్నాను. కాస్త నీరసంగా అనిపిస్తే, మాస్టారి ఫోను అడిగి కబురు చేశాను. అందుకని వచ్చింది."

ఆయన భార్య వైపు చూశాడు. ఆ చూపు ఆమెకి తెలుసు. డాక్టరు గదిలో తను చేసిన సాయానికి ఇది బదులు. ఆయనకి చేతనైన మంచి ఇది. అందులోకి అడుగుపెడితే చాలు, కూతురి కోపం చల్లారిపోతుంది. రేపటినుంచి కూడా వెళ్ళవచ్చు. నాన్నకి నీరసం కదా, తోడు కావాలి కదా. మళ్ళీ ఒక అడుగు వెనక, సీసా పట్టుకుని.

"లేదు," అంది. "ఆయన పిలవలేదు. నేనే వెళ్ళాను."

"ఎందుకు?"

"వెళ్ళాలనిపించింది."

కూతురు ఆ మాటని రెండుసార్లు లోపల తిప్పుకున్నట్టుంది. అమ్మకి ఏదో అనిపించడం, అది అమ్మే చెప్పడం ఈ ఇంట్లో ఎన్నడూ జరగలేదు.

"చెప్పి వెళ్ళచ్చు కదా."

"చెప్తే మానేసేదాన్ని."

"రేపు కూడానా?"

"రేపు కూడా."

కూతురు పొయ్యి వైపు చూసింది, గడియారం వైపు చూసింది, తర్వాత చేతిలో ఉన్న దువ్వెనని తండ్రి చేతిలో కుక్కింది.

"అయితే నువ్వు పట్టు నాన్నా. నేను పొయ్యి తుడిచి డబ్బా సర్దాలి."

"నాకా? నాకేం వచ్చు జడలు?"

"రాకపోతే నేర్చుకో," అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నె సింకులో పడ్డ చప్పుడు పెద్దగానే వినిపించింది. కోపం పోలేదు, పోవడానికి రోజులు పడుతుంది.

డ్రైవరుగారు స్టూలు మీద కూర్చుని, పిల్లని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, జుట్టుని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. స్టీరింగు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"మూడు పాయలు తాతయ్యా," అంది పిల్ల. "రెండు కాదు."

"మూడోది ఎక్కడికి పోయింది?"

"నీ చేతిలోనే ఉంది! అబ్బా, లాగకు!"

ఆమె గోడ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. తొడలు సన్నగా వణుకుతున్నాయి, వీపు మీద చెమట ఆరుతోంది. పాయలు జారిపోవడం, మళ్ళీ దొరకబుచ్చుకోవడం, చిక్కు పడటం చూస్తోంది. ఆమె చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఇలా ఇవ్వండి అనే మాట నాలుక మీదికి వచ్చింది. ఒక్క నిమిషం పని అది, కళ్ళు మూసుకుని చేసేస్తుంది.

చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. జోళ్ళు విప్పి, పాదాలు చల్లటి నేల మీద ఆనించి, అలాగే కూర్చుంది.